శాలిహుండం పెంకులు: అలంకారం సాక్ష్యం, మట్టి సాక్ష్యం

శ్రీకాకుళం జిల్లాలో వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చారు. అనంతర తవ్వకాల్లో స్తూప, చైత్య శిథిలాలతో పాటు రౌలెటెడ్ పాత్రల పెంకులూ బయటపడ్డాయి. ఇటువంటి పెంకు కనిపించగానే ‘రోమన్ వర్తకం’ అని రాయడం మన చరిత్ర రచనలో అలవాటయింది. ఆ అలవాటుకు ఇప్పుడు ఆధారం లేదు.

దాని మూలం శాలిహుండంలో కాదు, అరికమేడులో ఉంది. 1945లో అక్కడ తవ్వకాలు జరిపిన మార్టిమర్ వీలర్‌కు ఇటలీలో తయారైన అర్రెటైన్ పాత్రల ముక్కలు దొరికాయి. పళ్లెం లోపలి అడుగున వలయాలుగా సన్నని గంట్లు వేసే పద్ధతి మధ్యధరా ప్రాంతానిదని ఆయన భావించారు. రౌలెటెడ్ పాత్రల్లో కొన్ని దిగుమతులు, తక్కినవి ఇక్కడి అనుకరణలు అన్నది ఆయన అంచనా. ఆ అంచనాలోని రెండో సగం తర్వాతి రచనల్లో తరచు జారిపోయింది. అరికమేడులో ఈ పాత్రలు రోమన్ వర్తకానికి ముందే మొదలయ్యాయని విమలా బెగ్లీ 1980లలో వాదించారు. అయితే ఆమెదీ ప్రధానంగా స్తరాలు, ఆకృతులపై నిలిచిన వాదమే.

ప్రశ్నను మట్టి వైపు తిప్పినది రసాయన విశ్లేషణ. బాలి ద్వీపంలోని సెంబిరన్ పెంకులకూ అరికమేడు, అనురాధపురం పెంకులకూ ఒకే మూలం ఉండవచ్చని 1991లో ఆర్దిక, బెల్‌వుడ్ ప్రకటించారు. ఎక్స్-కిరణ వివర్తనంతో ఖనిజాలను పోల్చిన గోగ్టే 1997లో ఆ మూలాన్ని బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్–తామ్లుక్ ప్రాంతంగా గుర్తించారు. 2005లో ఫోర్డ్ బృందం మూలకాల పరిమాణాలను కొలిచి, ఈ నాజూకు పాత్రలన్నీ ఒకే భౌగర్భిక మూలానివని తేల్చింది. వివర్తనం చెప్పేది ఖనిజాలను, మూలక విశ్లేషణ చెప్పేది మూలకాలను. రెండింటినీ ఒకే సాక్ష్యంగా కలిపి ఉటంకించడం సరికాదు. పైగా ‘ఒకే మూలం’ అంటే ఒకే కుమ్మరివాడ అని అర్థం కాదు. గంగ దిగువ ఒండ్రు ఎంతో విశాలమైనది.

శాలిహుండానికి ఈ నిర్ధారణను నేరుగా అంటగడితే ‘రోమన్’ చీటీ తీసి ‘బెంగాల్’ చీటీ అంటించినట్లే అవుతుంది. వంశధార తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ శిలల మీదుగా వస్తుంది. కళింగపట్నం తీరపు ఇసుకలో ఇల్మనైట్, మోనజైట్, గార్నెట్ ఉన్నాయి. కనుక టైటానియం, థోరియం, అరుదైన మృత్తిక మూలకాల నిష్పత్తులు స్థానిక మట్టిని వేరుచేయగలవు. ఇక్కడ ఒక చిక్కుంది. రౌలెటెడ్ పాత్రలకు వాడింది నీటిలో కలిపి తేర్చిన మెత్తటి మట్టి; తేర్చినప్పుడు బరువైన ఖనిజాలు అడుగున మిగిలిపోతాయి. పోలికకు నది మట్టిని అలాగే తీసుకుంటే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. అదే విధంగా తేర్చి, కాల్చిన నమూనాలు కావాలి. శాలిహుండంలోనే దొరికిన ముతక వంటకుండల పెంకులు మరో కొలమానం. వాటిని దూరం నుంచి ఓడలో తెచ్చి ఉంటారనుకోవడం కష్టం.

తేలవలసినది చిన్న విషయం కాదు. పెంకులు గంగా ముఖద్వారానివైతే కళింగ తీరం రోమ్ కోసం ఎదురుచూసిన అంచు కాదు, తామ్లుక్ నుంచి అనురాధపురం వరకు సాగిన బంగాళాఖాతపు రాకపోకల్లో ఒక మజిలీ. వంశధార మట్టివే అయితే ఆ నాజూకు పళ్లేలు చేయగల కుమ్మరులు ఇక్కడే ఉన్నారు. రెండింటిలో ఏది నిజమైనా ‘రోమన్ ప్రభావం’ అనే అధ్యాయ శీర్షిక కింద ఈ పెంకులకు చోటు లేదు.