సహానుభూతి, అర్జీ, హక్కు : లిన్ హంట్ సిద్ధాంతంపై తెలుగు నేల నుంచి ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: మానవహక్కుల భావన పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో నవలా పఠనం వల్లా, చిత్రహింస పట్ల మారిన దృష్టి వల్లా రూపుదిద్దుకున్నదని చరిత్రకారిణి లిన్ హంట్ ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను తెలుగు ప్రాంతాల చారిత్రకానుభవం పక్కన నిలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కథన ప్రక్రియకూ హక్కుల భావనకూ సంబంధముందన్న ఆమె అంతర్దృష్టి అంగీకార యోగ్యమేననీ, అయితే ఇక్కడ ఆ పనిని నవల కన్నా అర్జీ, వాంగ్మూలం, నిజనిర్ధారణ నివేదిక ఎక్కువగా నిర్వహించాయనీ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: లిన్ హంట్, మానవహక్కులు, సహానుభూతి, చిత్రహింస, అర్జీ, సికింద్రాబాద్ కుట్ర కేసు, కన్నబిరాన్.

1. హంట్ ప్రతిపాదన

ఫ్రెంచి విప్లవ చరిత్ర రచనలో లిన్ హంట్‌ది విశిష్టమైన స్థానం. విప్లవాన్ని కేవలం వర్గ ప్రయోజనాల ఫలితంగా చూసే పద్ధతి నుంచి పక్కకు జరిగి, భాష, చిహ్నాలు, ఉత్సవాలు, వేషధారణ వంటి వాటిలో రాజకీయ సంస్కృతి ఎలా నిర్మాణమవుతుందో ఆమె 1984 నాటి తన గ్రంథంలో చూపారు. 2007లో వెలువడిన ‘ఇన్వెంటింగ్ హ్యూమన్ రైట్స్’ ఆ కృషికి కొనసాగింపు. 1776 నాటి అమెరికా ప్రకటన మనుషులందరి హక్కులను స్వయంసిద్ధమైనవిగా చెప్పింది. నిరూపణ అక్కరలేనంత సహజంగా అవి ఎప్పటి నుంచి, ఎవరికి తోచాయి? ఈ ప్రశ్నతో ఆమె బయలుదేరారు.

ఆమె సమాధానంలో రెండు పాయలున్నాయి. మొదటిది నవల. రిచర్డ్‌సన్ ‘పమేలా’ (1740), రూసో ‘జూలీ’ (1761) వంటి లేఖారూప నవలలు చదివినవారు తమ అంతస్తుకు చెందని పాత్రల అంతరంగంలోకి ప్రవేశించారు. పరిచారిక మనసు కూడా తమ మనసు వంటిదేనని గ్రహించారు. ఈ సహానుభూతి సమానత్వ భావనకు నేలను సిద్ధం చేసింది. రెండో పాయ శరీరం. 1762లో తులూజ్ నగరంలో జాన్ కలాస్‌ను చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. ఆ కేసును భుజానికెత్తుకున్న వోల్టేర్ మొదట ఖండించినది మత దురభిమానాన్నే. చిత్రహింస మీద ఆయన దృష్టి నిలిచింది 1764లో బెక్కరియా గ్రంథం వెలువడిన తరువాత. ఈ ఆలస్యాన్ని పట్టుకోవడంలోనే చరిత్రకారిణిగా హంట్ నేర్పు కనిపిస్తుంది. ఒక క్రూరత్వం కళ్ళెదుట ఉన్నా, దానిని క్రూరత్వంగా గుర్తించే చూపు వేరుగా ఏర్పడవలసి ఉంటుందని ఆమె సూచన.

ఈ సిద్ధాంతం మీద వచ్చిన ప్రధానమైన అభ్యంతరం సామ్యుయల్ మోయిన్‌ది. నేటి అర్థంలో మానవహక్కులు 1970లలో, ఇతర మహాస్వప్నాలు కూలిన తరువాత ముందుకొచ్చాయని ఆయన 2010లో వాదించారు. ఈ ఇద్దరి వాదంలో తెలుగు నేల ప్రస్తావన లేదు, ఉండవలసిన అవసరమూ వారికి లేదు. మనకు మాత్రం ఉంది.

2. హక్కు అనే మాట, హింస అనే పద్ధతి

‘హక్కు’ మనకు అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చిన మాట. మూలంలో దానికి సత్యమనీ, న్యాయంగా రావలసినదనీ అర్థాలు. తెలుగులో అది తాత్త్వికుల చర్చ ద్వారా స్థిరపడలేదు. కచేరీల ద్వారా, భూమి శిస్తుల లెక్కల ద్వారా స్థిరపడింది. మిరాసీ హక్కు, ఇనాం హక్కు వంటి ప్రయోగాలు మనిషికి పుట్టుకతో వచ్చేదాన్ని చెప్పవు, ఒక కుటుంబానికి ఫలానా భూమి మీద, ఫలానా రాబడి మీద ఉన్న వాటాను చెబుతాయి. హంట్ వెతికిన సార్వత్రికత ఈ మాటలో మొదట లేదు. కానీ ఒకటుంది: హక్కు అన్నది అడిగి తీసుకోవలసినదన్న స్పృహ.

హక్కు అనే మాట తిరిగిన కచేరీలోనే చిత్రహింస కూడా సాగింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఫ్రాన్సులో న్యాయస్థానపు చిత్రహింస 1780లలో రద్దయితే, ఇక్కడ 1850లలో కూడా శిస్తు రాబట్టడానికి రైతును ఎండలో నిలబెట్టడం, వంచి కట్టివేయడం, కిట్టి అనే కర్రల పరికరంతో వేళ్ళు నొక్కడం సాగాయి. బ్రిటిష్ పార్లమెంటులో దుమారం రేగాక నియమించిన మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. తప్పంతా కింది స్థాయి దేశీయ ఉద్యోగులదే అన్నట్టు చెప్పి దొరలను అది కాపాడింది. 1857లో న్యూయార్క్ పత్రికలో ఈ నివేదిక మీద వ్యాసం రాసిన కార్ల్ మార్క్స్ ఆ సంగతిని వదలలేదు.

ఆ నివేదికకు ఆధారమైన సామగ్రిని మన సాహిత్య పరిశోధకులు ఇంకా తమదిగా భావించడం లేదు. అది రైతుల అర్జీలు, వాంగ్మూలాలు. బహుదూరం నడిచి వచ్చి, తన ఒంటి మీద జరిగినదాన్ని తానే వరస తప్పకుండా చెప్పుకున్న మనిషి గొంతు అది. రాయసగాడి కలం, అనువాదకుడి ఇంగ్లీషు దాటి వచ్చినా గొంతే. ‘పమేలా’లో పరిచారిక మాట్లాడదు, ఆమె పేరు మీద రిచర్డ్‌సన్ మాట్లాడతాడు. అర్జీలో బాధితుడు చదువరి కన్నీటిని కోరడు. తేదీ, స్థలం, కొట్టినవాడి పేరు, శిస్తు మొత్తం చెప్పి జవాబు కోరతాడు.

నవల ఇక్కడ ఏ పనీ చేయలేదని దీని అర్థం కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) హంట్ చెప్పిన పనినే చేసింది, ప్రభుత్వం దానిని నిషేధించింది కూడా. అయితే ఆ నవల సహానుభూతిని ఎవరి నుంచి ఆశించింది? అక్షరాస్యుడైన సవర్ణ పాఠకుడి నుంచి. అంతకు ముందే, 1906లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథల ద్వారా తన వాళ్ళతోనే మాట్లాడసాగారు. కారంచేడు (1985), చుండూరు (1991) తరువాత దళిత ఉద్యమం అడిగినదీ జాలిని కాదు. ఒకరి బాధ మరొకరికి తెలియడం మీద ఆధారపడిన హక్కు, తెలుసుకోవడానికి ఇష్టపడనివారి ముందు ఎక్కడ నిలుస్తుంది? కులం ఉన్న సమాజంలో హంట్ సిద్ధాంతం ఎదుర్కోవలసిన కఠినమైన ప్రశ్న ఇది. ఆమె ఫ్రాన్సులోనే దీనికి పోలిక ఉంది. హక్కుల తర్కం ప్రొటెస్టెంట్లకు, యూదులకు, చివరికి 1794లో బానిసలకు విస్తరించిన తీరును ఆమె అద్భుతంగా వివరించారు. కానీ సాఁ-డొమాంగ్‌లో 1791లో బానిసలు తిరగబడకపోతే ఆ తర్కం అంత దూరం నడిచేదా అన్న సందేహం పుస్తకం మూసిన తరువాత కూడా మిగిలే ఉంటుంది.

3. సికింద్రాబాద్: నేరారోపణగా సాహిత్యం

సాహిత్యానికీ హక్కులకూ ఉన్న సంబంధం తెలుగునాట అత్యంత తీవ్రంగా బయటపడిన చోటు సికింద్రాబాద్ కుట్ర కేసు. 1974లో పెట్టిన ఈ కేసులో వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్, కె.జి. సత్యమూర్తి తదితర విరసం రచయితలు ముద్దాయిలు. వారి కవిత్వాన్నీ ఉపన్యాసాలనూ ప్రాసిక్యూషన్ కుట్రకు రుజువులుగా చూపింది. 1989లో కేసు కొట్టివేసేసరికి పదిహేనేళ్ళు గడిచాయి. చెరబండరాజు అప్పటికి ఏడేళ్ళ కిందటే, 1982లో, మరణించారు. హంట్ చిత్రంలో పఠనం పాఠకుణ్ణి మృదువుగా మారుస్తుంది. ఇక్కడ కవిత్వానికి అతి శ్రద్ధగల పాఠకుడు పోలీసు అధికారి. మన విమర్శలో ఈ పాఠకుడి గురించి ఇంకా ఎవరూ తగినంత రాయలేదు.

మోయిన్ కాలనిర్ణయం ఈ దశకానికి యాదృచ్ఛికంగా సరిపోతుంది, కారణం మాత్రం సరిపోదు. శ్రీకాకుళ పోరాటం అణచివేత తరువాత 1970ల తొలి సంవత్సరాలలో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం, విప్లవ స్వప్నం కూలిందని నమ్మినవారి ఆశ్రయం కాదు. ఆ స్వప్నాన్ని కంటున్నవారి మధ్యనే అది పుట్టింది. హక్కులకు స్వతంత్రమైన విలువ ఉందా, అవి పోరాటానికి సాధనాలు మాత్రమేనా అన్న తర్జనభర్జన ఆ పుట్టుకలోనే ఉంది. పోరాటాల ద్వారా గెలుచుకున్న విలువలు ఆ పోరాటాలను దాటి అందరివీ అవుతాయని బాలగోపాల్ తరువాతి కాలంలో చేసిన వాదన, 1998లో మానవహక్కుల వేదిక ఏర్పాటుకు దారితీసిన వాదన, ఈ తర్జనభర్జన నుంచి వచ్చింది. నా దృష్టిలో అది హంట్‌కు తెలుగులో వచ్చిన అత్యుత్తమ సమాధానం. ఆమెను ఉద్దేశించి రాసినది కాకపోయినా.

కుట్ర కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించిన కె.జి. కన్నబిరాన్ నివాసం సికింద్రాబాదే. 1978 నుంచి 1994 వరకు ఆయన పౌరహక్కుల సంఘానికి అధ్యక్షులు. ఎమర్జెన్సీ ముగిశాక, 1977లో, ఎన్‌కౌంటర్ మరణాలపై విచారణ జరిపిన తార్కుండే కమిటీలో ఆయనతో పాటు కవి కాళోజీ నారాయణరావు కూడా సభ్యులు. మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో 1975లో నలుగురు యువకులు ఎలా చనిపోయారో కమిటీ సాక్షుల నోట విని, పోలీసు కథనంతో పోల్చి చూసింది. ఈ నివేదికలలోని వాక్యం ప్రత్యేకమైనది: విశేషణాలు తక్కువ, క్రియలు ఎక్కువ, కర్త ఎక్కడా మాయం కాదు. ‘ఎదురుకాల్పుల్లో మరణించారు’ అన్న పోలీసు వాక్యంలో చంపినవాడు లేడు. నిజనిర్ధారణ నివేదిక ఆ కర్తను వాక్యంలోకి తిరిగి తెస్తుంది. ఇది వ్యాకరణానికి సంబంధించిన పని, న్యాయానికి సంబంధించిన పని కూడా.

మన తెలుగు శాఖల్లో నవల మీద ఏటా వస్తున్న సిద్ధాంత వ్యాసాలు అనేకం. ఈ నివేదికల శైలి మీద, వాటిలోని సాక్షి కథనం మీద, కోర్టులో కన్నబిరాన్ అడ్డు ప్రశ్నలు ఒక పోలీసు కథను విప్పిన తీరు మీద పని చేయగోరే పరిశోధకులకు కావలసిన సామగ్రి చాలావరకు తెలుగులోనే, కరపత్రాలుగా, చిన్న పుస్తకాలుగా, కేసు కట్టలుగా ఉంది.