ముద్దాయి యెవరు?

రాయపురపు శివారున, ఉర్లా పారిశ్రామిక వాడ నానుకొని బీర్‌గావ్ అను పట్టణము గలదు. ఆ ప్రాంతపు హిందీలో ఒక సామెత యున్నది: ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’. వ్యాజ్యము వేసినవాడు మందకొడిగా నుండగా సాక్షి మహా హుషారుగా నున్నాడని భావము. పనికై అచ్చటికి పోయిన తెలుగువాడు దీనిని వినినచో తికమకపడక తప్పదు. అతని భాషలో ముద్దాయి యనగా బోనులో నిలుచున్నవాడు. అరబ్బీలోను, హిందీలోను ఆ మాటకు అర్థము ఫిర్యాది. ప్రతివాదికి ‘ముద్దాలే’ అని వేరొక మాట యున్నది. తెలుగు వాడుకలో ఆ రెండవ మాట మరుగుపడగా, మొదటిది దాని పీటపై కూర్చున్నది. నేరము మోపినవాని పేరు మోపబడినవానికి చుట్టుకొన్నది.

ఇది మన పామరుల పొరపాటని నవ్వుకొనుటకు వీలు లేదు. ఇంగ్లీషున ‘కల్‌ప్రిట్’ అను మాట పుట్టుక ఇంతకంటె విచిత్రము. పూర్వము ఇంగ్లండు న్యాయస్థానములలో నిందితుడు తాను నిరపరాధి నని చెప్పగానే, ‘అపరాధివే; రుజువునకు సిద్ధముగా నున్నాము’ అని రాజు పక్షపు గుమాస్తా ఫ్రెంచిలో బదులు పలికెడివాడట. ఆ వాక్యమును ‘కల్, ప్రిట్’ అని పొడి అక్షరములలో వ్రాసికొనెడివారని నిఘంటుకారులు చెప్పుదురు. 1678లో పెంబ్రోక్ ప్రభువుపై జరిగిన విచారణలో అదియే నిందితుని పిలుచు సంబోధనగా కానవచ్చును. ఇక హిందీ పత్రికలు నిత్యము వాడు ‘ఆరోపీ’ సంస్కృతరీతిని ఆరోపించువాడు కావలసినది. వాడుకలో ఆరోపణకు గురియైనవాడు. మూడు భాషలలోను మాట జారినది ఒకే వైపునకు, బలహీనుని వైపునకు.

‘నిందితుడు’ అను పత్రికల మాట వ్యాకరణమునకు సరిపోవును, న్యాయమునకును సరిపోవును. శమంతకమణి కథ వినుచు పెరిగిన జాతికి నింద యనగానే నీలాపనింద స్ఫురించును గదా. ఇంగ్లీషు ‘బ్లేమ్’లో ఆ సందేహము లేదు.

అసలు చిక్కు ‘గిల్టీ’తో వచ్చినది. అందు చేసిన పని వేరు, దానివలన తగులు దోషము వేరు. ప్రాణరక్షణకై కొట్టినవాడు కొట్టితినని ఒప్పుకొనియు ‘నాట్ గిల్టీ’ అనవచ్చును. దానిని ‘నేరము చేసితివా?’ అని తెనిగించినచో, పనిని గూర్చి అడుగుచున్నారని తలచి ఆ అమాయకుడు ‘చేసినాను బాబూ’ అనును. ఆ ఒక్క భేదముపై వాని స్వేచ్ఛ ఆధారపడి యుండును. విశాఖలో న్యాయవాదిగా నుండిన రాచకొండ విశ్వనాథశాస్త్రి తన కథలలో కోర్టు మాటలను జనుల నోట నలిగిన రూపముననే నిలుపుట ఇందువలన మేలైనది. చట్టముల పేర్లు 2024 జూలై 1 నుండి సంస్కృతమయము లైనను, గ్రామస్థునికి చార్జిషీటు చార్జిషీటే.

మనసులోని ‘గిల్ట్’కు నేడు ‘అపరాధభావన’ అని వ్రాయుచున్నారు. అది అనువాదపు వాసన వీడలేదు. తప్పు చేసినవానికి తెలుగున మనసు పీకును. ఆ క్రియను వదలి ఈ సమాసమును పట్టుకొనుట నష్టమే. పోలీసులు తీసికొనిపోవుచున్నవానిని చూచి అరుగుమీది ముసలమ్మ ‘పాపం!’ అనును. వాడు చేసినది పాపమో కాదో ఆమె విచారింపలేదు. ఇంగ్లీషు అనువాదకుడు ఇచ్చట ‘సిన్’ అని వ్రాయలేడు. ‘పూర్ ఫెలో’ అని వ్రాసి, ఒకే మాటలో నున్న దోషమును, జాలిని విడదీయును.