ప్రకటన నుండి జీవితానికి: నార్త్‌స్టార్ పాత్ర చిత్రణ

క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్‌ల సృష్టిగా 1979లో మార్వెల్ సంస్థ ఎక్స్-మెన్ కథలో ప్రవేశించిన కెనడా వీరుడు నార్త్‌స్టార్. బర్న్ ఇతనిని స్వలింగ ప్రేమికునిగానే ఊహించాడు. కాని 1954 నాటి కామిక్స్ కోడ్ అటువంటి ప్రస్తావననే నిషేధించినందున ఆ లక్షణం సూచనలకే పరిమితమైంది. 1989లో కోడ్ సడలింది. 1992లో, ఆల్ఫా ఫ్లైట్ 106వ సంచికలో, రచయిత స్కాట్ లోబ్‌డెల్ ఆ సత్యాన్ని పాత్ర నోటనే పలికించాడు.

ఈ సన్నివేశం చారిత్రకమే కాని లోపరహితం కాదు. ఎయిడ్స్ సోకిన పసికందు, అదే వ్యాధికి స్వలింగ ప్రేమికుడైన కొడుకును కోల్పోయిన మేజర్ మేపుల్‌లీఫ్ ఇందులో కీలకం. ప్రేమకు చోటు లేదు. వ్యాధి, మరణం, పోరాటమే నేపథ్యం. అయినా పసికందుపై కురిసిన జాలి తన కొడుకుకు ఎందుకు దక్కలేదన్న ఆ తండ్రి ఆక్రోశంలోనే కథ అసలు బలం ఉంది. సమాజం కరుణను సైతం అర్హతను బట్టి పంచుతుందన్న విమర్శ అది.

ప్రకటన తరువాత మళ్ళీ మౌనమే. 1994 నాటి నార్త్‌స్టార్ లఘు ధారావాహిక ఈ అంశాన్ని విస్మరించింది. న్యూయార్క్ రాష్ట్రం 2011లో స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేయగా, 2012లో మార్జరీ లియు రచించిన ఆస్టానిషింగ్ ఎక్స్-మెన్ 51వ సంచికలో నార్త్‌స్టార్ కైల్ జినాడూను వివాహమాడాడు. ఇక్కడ ప్రేమకు ముఖమూ పేరూ లభించాయి. కనుక ప్రాతినిధ్యానికి కొలమానం తొలి ప్రకటన తేదీ కాదు. ఆ తరువాత పాత్రకు దక్కిన జీవితం.