పండగపూట నడక

మా గుంటూరు వైపు పండగ సీజను మూడు రోజులతో పోదు. డిసెంబరు 16 ప్రాంతంలో నెల పట్టిన దగ్గర్నుంచి ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. క్రిస్మస్ కేకు, కొత్త సంవత్సరం బిర్యానీ, ఆ వెనకే అరిసెలు, కనుమకు గారెలూ కోడికూరా, ముక్కనుమకు మళ్లీ మాంసం. నల్లపాడు స్టేషన్లో దిగే చుట్టాలతో ఇళ్లు నిండిపోతాయి. ఏడాది పొడవునా తెల్లవారుజామున మాతో కలిసి నడిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతారు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పండగెళ్లాక మొదలుపెడదాంలే."

ఆ 'పండగెళ్లాక' అనేదే నాకు భయం. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ల బరువును సెలవుల కాలంలో వరసగా తూచి చూశారు. 2000లో ఆ ఫలితాలు వచ్చాయి. నవంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా ఒక్కొక్కరూ సగటున 370 గ్రాములు పెరిగారు. వినడానికి ఇది కొంచెమే. అయితే ఆ తర్వాత వేసవి వచ్చినా ఆ బరువు దిగలేదు. ఏటా ఇంతింత చొప్పున పదేళ్లు చేరితే నడుం దగ్గర ఏం కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. అరిసెల డబ్బా మూత తీస్తున్నప్పుడు ఇది గుర్తుండాలి.

అరిసెను మాత్రం నేను తప్పుపట్టను. ఒకప్పుడు దాని వెనక బోలెడు చాకిరీ ఉండేది. నానిన బియ్యం తడి ఆరకముందే రోట్లో పోసి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పోటు మీద పోటు వేసేవాళ్లు. జల్లించి, మిగిలిన నూకను మళ్లీ దంచేవాళ్లు. పాకంలో పిండి పోస్తుంటే తెడ్డు తిప్పడానికి భుజాల్లో సత్తువ కావాలి. నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య నొక్కడం మరో పని. వీటికి తోడు తెల్లారకముందే నడుం వంచి ముగ్గులు. ఆ చాకిరీ అంతా ఆడవాళ్లదే, తిని అరుగు మీద పేకాటకు కూర్చోవడం మగవాళ్లది. అందుకే పిండిమర రావడం మంచిదే అంటాను. ఇప్పుడు మిఠాయి కొట్టు కూడా వచ్చింది. పని పోయింది, తిండి మిగిలింది. కూర్చోవడం మాత్రం ఇంటిల్లిపాదికీ అంటుకుంది.

ఊరు దాటి చేల వైపు వెళితే కథ వేరు. సంక్రాంతి వేళకే మిరప కోతలు మొదలవుతాయి. కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వలసవచ్చిన కూలీలు పొద్దస్తమానం వంగే ఉంటారు. వాళ్లకు కావలసింది విశ్రాంతి, నీడ, మంచినీళ్లు. వ్యాయామం మాట కూర్చుని బతికే మనబోటి వాళ్లకే.

మన జిల్లాల్లో పండగలోనూ సాధన మానని వాళ్లు ఎవరంటే ఒంగోలు ఎడ్లను బండలాగుడు పోటీలకు దించే రైతులు. రెండు పళ్ల విభాగంలో దించినా, సీనియర్స్‌లో దించినా, ఉలవలు పెట్టి మేపడంతో పాటు జతను రోజూ నడిపిస్తారు. మేపి, కట్టేసి ఉంచితే బరిలో బండ కదలదని వాళ్లకు తెలుసు.

నేను పండగ రోజుల్లో బరువు తగ్గాలని చూడను. నడక తెగకుండా చూసుకుంటాను, అంతే. పొద్దున కుదరకపోతే భోజనం అయ్యాక పావుగంట నడుస్తాను. నడిచేటప్పుడు కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ అండ పెద్దగా లేకుండానే లాక్కుంటాయి. అరవై ఏళ్లు పైబడిన పదిమందితో అమెరికాలో చేసి, 2013లో వెలువరించిన చిన్న అధ్యయనంలో, ప్రతి భోజనం తర్వాత పావుగంట నడకే రాత్రి భోజనం తర్వాతి చక్కెరను బాగా అదుపు చేసింది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకు రెండు పావుగంటలు, ఐదు రోజులు నడిస్తే లెక్క సరిపోతుంది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ సామెత ప్రయాణాలు వద్దని చెప్పేదే. సొంత వీధిలో నడవొద్దని ఏ పెద్దా అనలేదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. జనవరి మంచులో నరసరావుపేట రోడ్డు అంచున నడవొద్దు, మిర్చి యార్డుకు టిక్కీలు మోసే లారీలకు మనం కనపడం. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఎండ పొడ వచ్చాకే బయల్దేరాలి. బీపీ, షుగరు మాత్రలు పండగని మానొద్దు.

ఈసారి చుట్టాలొస్తే విస్తళ్లు తీయడం, గిన్నెలు కడగడం మగవాళ్లు అందుకోండి. అదయ్యాక "బావా, అలా వీధి చివరి దాకా వెళ్లొద్దాం రా" అని పిలవండి. అక్కాచెల్లెళ్లనూ, వదినలనూ కూడా పిలవండి.