ఆదేశం స్థానికి సమానమా? - సీ ప్లస్ ప్లస్ రకమార్పిడి, రిఫరెన్స్ బంధన నియమాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాషలో రిఫరెన్స్ అనేది ఒక వస్తువుకు మారుపేరు. రకాలు కుదరని సందర్భంలో కంపైలర్ విలువను మార్చి, తాత్కాలిక వస్తువును సృష్టించి, రిఫరెన్స్‌ను దానికి ముడివేస్తుంది. అప్పుడు మారుపేరు అసలు వస్తువును విడిచి మరొకదాన్ని సూచిస్తుంది. ఈ నియమం ఏర్పడిన తీరును, దానిలోని బలాన్ని, లోపాన్ని భారతీయ వ్యాకరణ శాస్త్రంలోని ఆదేశం, స్థాని అనే భావనల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కంపైలర్, రకమార్పిడి, రిఫరెన్స్, తాత్కాలిక వస్తువు, ఆదేశం, స్థానివద్భావం.

1. ఉపోద్ఘాతం:
సహజభాషలో ప్రయోగం ముందు, వ్యాకరణం తరువాత. ప్రోగ్రామింగ్ భాషలో ఈ క్రమం తలకిందులవుతుంది. అక్కడ నియమమే ప్రయోగాన్ని పుట్టిస్తుంది, ఆ నియమాన్ని అమలుచేసే వ్యాకర్త కంపైలర్. సహజభాషలో వక్త తప్పు పలికినా శ్రోత సందర్భాన్ని బట్టి అర్థం గ్రహించగలడు. కంపైలర్‌కు ఆ వెసులుబాటు లేదు. రాసినదానికి నియమం ఏ అర్థం చెబితే అదే అర్థం. కాబట్టి నియమం పాఠకుని ఊహకు విరుద్ధంగా ఉంటే నష్టం పాఠకునిదే. ఈ దృష్టితో చూస్తే ప్రోగ్రామింగ్ భాషల నియమాలు కూడా విమర్శకు అర్హమైన పాఠాలే.

2. నియమ స్వరూపం:
ఒక రిఫరెన్స్‌ను ఒక చరరాశికి ముడివేయవలసి వచ్చినప్పుడు కంపైలర్ ముందుగా రెండింటి రకాలను పోల్చుతుంది. రకాలు ఒకటే అయినా, చరరాశి రకం రిఫరెన్స్ రకం నుంచి వారసత్వంగా వచ్చినదైనా నేరుగా ముడివేస్తుంది. అలా కానప్పుడు మార్పిడికి దారి ఉందేమో వెదుకుతుంది. పూర్ణాంకాన్ని దశాంశ సంఖ్యగా మార్చడం వంటివి భాషలో ముందే ఉన్న మార్పిడులు. ప్రోగ్రామర్ తన తరగతుల కోసం నిర్వచించుకునేవి మరికొన్ని. కంపైలర్ తనంతట తాను చేసే మార్పిడి క్రమంలో ప్రోగ్రామర్ నిర్వచించినది ఒకటికి మించి ఉండరాదు. ఈ పరిమితి లేకపోతే ఏ రకం ఏ రకంగా మారుతుందో ఊహించడం అసాధ్యమయ్యేది.

మార్పిడి ఫలితం ఒక తాత్కాలిక వస్తువు. రిఫరెన్స్ 'కాన్‌స్ట్' అయితే, అంటే దాని ద్వారా విలువను మార్చబోమని ప్రకటిస్తే, కంపైలర్ దాన్ని ఆ తాత్కాలిక వస్తువుకు ముడివేయడానికి అంగీకరిస్తుంది. కాన్‌స్ట్ కాని సాధారణ రిఫరెన్స్ అయితే నిరాకరిస్తుంది.

3. తొలి నియమం - సవరణ:
ఈ నిరాకరణ మొదటినుంచీ లేదు. భాషానిర్మాత బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1994లో ప్రచురించిన 'ది డిజైన్ అండ్ ఎవల్యూషన్ ఆఫ్ సీ ప్లస్ ప్లస్' గ్రంథంలో దీని చరిత్రను వివరించారు. తొలిదశలో సాధారణ రిఫరెన్స్ కూడా తాత్కాలిక వస్తువుకు ముడిపడేది. విలువను పంపడమా, వస్తువునే పంపడమా అనేది పిలవబడే ఫంక్షన్ నిర్ణయించుకోవాలని, పిలిచేవారికి ఆ పట్టింపు ఉండరాదని దాని వెనుక ఆలోచన.

ఫలితం వేరుగా వచ్చింది. పూర్ణాంకాన్ని ఒకటి పెంచే ఫంక్షన్‌కు దశాంశ రకపు చరరాశిని ఇస్తే, కంపైలర్ ఒక తాత్కాలిక పూర్ణాంకాన్ని సృష్టించేది. ఫంక్షన్ దాన్ని పెంచేది. అసలు చరరాశి మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది. దీన్ని తీవ్రమైన పొరపాటుగా స్ట్రౌస్ట్రప్ ఆ గ్రంథంలో గుర్తించారు. 1989లో వెలువడిన రెండవ విడుదల నాటికి సాధారణ రిఫరెన్స్‌కు ఈ అనుమతి తొలగింది, కాన్‌స్ట్ రిఫరెన్స్‌కు నిలిచింది.

4. స్థానివద్భావంతో పోలిక:
వ్యాకరణంలో ఆదేశం ఒక వర్ణాన్ని తొలగించి దాని స్థానంలో వస్తుంది. ద్రుతం మీద పరుషానికి సరళం ఆదేశమైనప్పుడు పరుషం మిగలదు. ఆగమం దేన్నీ తొలగించకుండా చేరుతుంది. కంపైలర్ సృష్టించే తాత్కాలిక వస్తువు ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా ఒదగదు. అది ఆదేశంలా అసలుదాని చోట కూర్చుంటుంది, కాని అసలుది తొలగిపోదు. స్థాని, ఆదేశం ఏకకాలంలో జీవిస్తాయి. సమస్యకు మూలం ఇదే.

ఆదేశాన్ని స్థానితో సమానంగా భావించాలని చెప్పిన పాణిని, వర్ణాన్ని ఆశ్రయించిన కార్యాలలో ఆ సమానత చెల్లదని మినహాయింపు కూడా చెప్పాడు. రెండు శాస్త్రాలకు చారిత్రక సంబంధం లేకపోయినా ఈ వివేచన ఇక్కడ ఉపకరిస్తుంది. విలువను చదవడమే పని అయినంతవరకు తాత్కాలిక వస్తువు అసలుదానికి బదులు నిలవగలదు. అస్తిత్వంతో, అంటే చిరునామాతో, ఆయుర్దాయంతో, తరువాత జరిగే మార్పులతో పని పడినచోట నిలవలేదు. 1989 సవరణ ఈ మినహాయింపులో సగాన్నే గుర్తించింది. రిఫరెన్స్ ద్వారా జరిగే మార్పును పట్టించుకుంది కాని, అసలు వస్తువులో జరిగే మార్పును పట్టించుకోలేదు.

5. నియమంలోని లోపం:
ఒక పూర్ణాంక చరరాశి విలువ 10 అనుకుంటే, దానికి దశాంశ రకపు కాన్‌స్ట్ రిఫరెన్స్‌ను ముడివేసి, తరువాత ఆ చరరాశిని 20 చేసినా రిఫరెన్స్ 10 అనే చెబుతుంది. రిఫరెన్స్ కూడా పూర్ణాంక రకానిదే అయితే 20 అని చెప్పేది. రాతలో తేడా ఒక్క పదం, అర్థంలో తేడా మారుపేరుకూ ప్రతికీ మధ్య ఉన్నంత. పెద్ద ప్రోగ్రామ్‌లో ఎవరో ఒకరు ఎక్కడో చరరాశి రకాన్ని మార్చితే, దూరాన ఉన్న రిఫరెన్స్ చెప్పాపెట్టకుండా ప్రతిగా మారిపోతుంది. కంపైలర్ దృష్టిలో దోషం లేదు.

ప్రామాణిక గ్రంథాలయంలోని 'మ్యాప్' మరో ఉదాహరణ. దాని మూలకాలలో తాళపు భాగం కాన్‌స్ట్‌గా ఉంటుంది. ఆ సంగతి మరచి, కాన్‌స్ట్ లేని తాళంతో జంట రకాన్ని రాసి, దానికి కాన్‌స్ట్ రిఫరెన్స్‌తో లూపు నడిపితే ప్రతి ఆవృత్తిలో ఒక కొత్త ప్రతి తయారవుతుంది. ప్రతులు వద్దనే ఉద్దేశంతో రాసిన రిఫరెన్సే ప్రతులకు కారణమవుతుంది. ఆ మూలకం చిరునామాను దాచుకుంటే ఆవృత్తి ముగిసేసరికి అది చెల్లనిదవుతుంది.

2011 ప్రమాణంలో ప్రవేశించిన ఆర్‌వాల్యూ రిఫరెన్స్‌లో ఈ వైరుధ్యం మరింత స్పష్టం. అది తనతో సమానరకమైన చరరాశికి ముడిపడదు. రకం వేరైతే, మార్పిడి వల్ల పుట్టిన తాత్కాలిక వస్తువుకు ముడిపడుతుంది. సొంతవాడికి మూసిన తలుపు పరాయివాడికి తెరచుకున్నట్లయింది. నియమం తర్కబద్ధమే, పాఠకుని ఊహకు మాత్రం అందదు.

6. సమర్థన - దాని పరిమితి:
కాన్‌స్ట్ రిఫరెన్స్‌కు ఈ అనుమతి లేకపోతే రెండు విలువల మొత్తాన్ని గాని, నేరుగా రాసిన అక్షరమాలను గాని ఫంక్షన్‌కు ఇవ్వడం కష్టమయ్యేదన్న సమర్థన ఉంది. అది న్యాయమైనదే. అయితే నియమం రెండు వేర్వేరు సందర్భాలను ఒకే గాటన కట్టింది. ప్రోగ్రామర్ స్వయంగా రాసిన వ్యక్తీకరణ ఫలితంగా పుట్టే తాత్కాలిక వస్తువు మొదటిది. అక్కడ పేరున్న అసలు వస్తువు వేరే లేదు కనుక భ్రమకు తావు తక్కువ. పేరున్న చరరాశి ఎదుటే ఉండగా కంపైలర్ కల్పించే తాత్కాలిక వస్తువు రెండవది. మారుపేరు మాట తప్పేది ఇక్కడే. మొదటిదాని అవసరాన్ని చూపి రెండవదాన్ని సమర్థించలేము.

తరువాతి సవరణలు ఈ అవగాహన పెరుగుతున్నదని సూచిస్తాయి. 2011 ప్రమాణం మీసాల కుండలీకరణంతో చేసే ప్రారంభంలో విలువ కుదించుకుపోయే మార్పిడులను నిషేధించింది. 2023 ప్రమాణం పరిధి ఆధారిత లూపులలో తాత్కాలిక వస్తువుల ఆయుర్దాయాన్ని పొడిగించింది. 2026 ప్రమాణం కోసం, తాత్కాలిక వస్తువుకు ముడిపడిన రిఫరెన్స్‌ను ఫంక్షన్ తిరిగి ఇవ్వడాన్ని దోషంగా నిర్ణయించారు. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు లూపులో అనుకోని ప్రతి ఏర్పడినప్పుడు హెచ్చరించే సదుపాయాన్నీ కల్పించాయి. ఇవన్నీ ఫలితాలకు చేసిన చికిత్సలు. హెచ్చరిక వ్యాఖ్యాత చేసే పని, సూత్రకారుని పని కాదు.

7. ముగింపు:
• రిఫరెన్స్ మారుపేరు అన్న నిర్వచనం, మార్పిడి జరిగిన చోట నిలవడం లేదు.
• 1989 సవరణ సాధారణ రిఫరెన్స్‌లోని ప్రమాదాన్ని తొలగించింది కాని, కాన్‌స్ట్ రిఫరెన్స్‌లో అదే భ్రమను మిగిల్చింది. 'మార్చను' అన్న ప్రతిజ్ఞను 'ప్రతి అయినా ఫరవాలేదు' అన్న సమ్మతిగా స్వీకరించడమే దీనికి కారణం.
• పేరున్న చరరాశికి రకమార్పిడితో ముడివేసే సందర్భంలో ప్రోగ్రామర్ ఆ మార్పిడిని స్పష్టంగా రాయాలన్న నియమం ఉంటే, ఆదేశం జరిగిన సంగతి పాఠంలోనే కనిపించేది.

ఆదేశాన్ని విధించే అధికారం ఏ వ్యాకరణానికైనా ఉంటుంది. ఎక్కడ ఆదేశం జరిగిందో పాఠకుడు గుర్తించగలిగేలా చేయవలసిన బాధ్యత కూడా ఆ వ్యాకరణానిదే.