నడవమని ఎవరికి చెప్పాలి?

ముదిగుబ్బ బస్టాండులో ఈ వారం ఒకాయన నొప్పుల నూనె అమ్ముతూ కనిపించాడు. "గుజ్జు అరిగిపోయింటాదవ్వా, ఇంక నడిచేది మాను, ఇది రుద్దుకో" అని ఒక ముసలామెకు సీసా అంటగట్టాడు. నూనె సంగతి ఎలా ఉన్నా, నడవొద్దన్న మాటకు ఈ కాలమిస్టుకు ఒళ్లు మండింది.

మోకాళ్ల నొప్పికి కదలికే మందన్నది ఈ శీర్షిక పాత పాట. ఆ పాటకు సాక్ష్యాలకు కొదవ లేదు. కీళ్ల అరుగుదలపై బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామానికీ, లావున్నవాళ్లయితే బరువు తగ్గడానికీ పెద్దపీట వేశాయి. పారాసిటమాల్‌ను మామూలుగా రాయొద్దన్నాయి. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు.

కానీ ఆ అవ్వకు తగ్గించుకోడానికి ఒంట్లో బరువేదీ?

ఆ అవ్వలాగా శెనక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్లను చూడండి. గొంతుక్కూర్చున్నవాళ్లు లేవరు. ఒక పాదం జరిపి, దాని వెనకే రెండో పాదం జరుపుతూ సాలు చివరిదాకా పోతారు. పంట పీకాక కుప్ప పక్కన కాయలు తెంపడానికీ అదే కూర్చోవడం. ఇంటికొస్తే నేలమీది పొయ్యి, నేలబారు మరుగుదొడ్డి. వయసులో రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నవాళ్లకు ముసలితనంలో మోకాళ్ల అరుగుదల ఎక్కువని బీజింగ్ వృద్ధులపై చేసిన అధ్యయనం 2004లోనే తేల్చింది.

ఇలాంటి మనిషికి "రోజూ నడువు" అని చెప్పడం పట్నం సలహా. ఈ శీర్షిక ఇన్నాళ్లూ చెప్పింది కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకే సరిపోతుంది. అవ్వ మోకాలికి కావాల్సింది రెండు: ఆ కూర్చోవడం నుంచి విరామం, తొడ కండరానికి బలం. మంచం అంచున కూర్చుని కాలు చాచి, ఐదు లెక్కపెట్టి, మెల్లగా దించాలి. చేతికర్ర నొప్పి లేని కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. మోకాళ్లతోపాటు మెడ, నడుము కూడా బిగుసుకుంటుంటే మాత్రం తాగే నీళ్లను పరీక్ష చేయించి డాక్టరుకు చూపించాలి. ముదిగుబ్బ ఉన్న ఈ జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో, కీళ్లు ఇలా బిగుసుకునేలా చేసే ఫ్లోరైడ్ ఎక్కువ. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

పట్నంలో ఉద్యోగాలు చేసే కొడుకులూ కూతుళ్లూ ఈసారి ఊరికెళ్లినప్పుడు మరుగుదొడ్డిలో వేసుకునే కుర్చీ ఒకటి కొనిపెట్టండి. కూలీలను పెట్టుకునే రైతులు సాళ్ల మధ్యనైనా నిలబడి కలుపు తీసేలా పొడుగు పిడి పనిముట్లు ఇవ్వండి.