పెద్దమ్మ తీసుకున్న ఫీజు

పోయిన ఆదివారం మా బావ ఫోన్ చేసి నా చెవి తినేశాడు. కొండాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న వాళ్లబ్బాయి కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాడట. చొక్కా జేబులో రసీదు దొరికింది. "1,800 రూపాయలు బావా! డాక్టరు కాదు, మందు రాయదు, సూది వెయ్యదు. ఏం చెప్పిందిరా అంటే, 'ఏం చెప్పలేదు నాన్నా, నన్నే అడుగుతుంది' అంటాడు వెధవ." అక్కడితో ఆగితే బావ ఎందుకవుతాడు? రసీదు మీదున్న నంబరుకి ఫోన్ చేసి, మావాడికి ఏమైందమ్మా అని అడిగాడు. "మీ అబ్బాయి ఇక్కడికి వస్తున్నారో లేదో కూడా నేను చెప్పకూడదండీ" అందట ఆవిడ. "రసీదు నా చేతిలో పెట్టుకుని నేను అడుగుతుంటేనే!" అని బావ గోల. (ఇదంతా మేనల్లుడి అనుమతితోనే రాస్తున్నాను. బావ అనుమతి అడగలేదు.)

నవ్వాను గానీ లోపల్లోపల నేనూ బావ పక్షమే. ఈ కాలమ్‌ని ఏళ్ల తరబడి భరిస్తున్నవాళ్లకి నా చాదస్తం తెలుసు. మనిషిని మనిషి పలకరించడానికి అపాయింట్‌మెంటు కావాలంటే నాకు ఒళ్లు మంట. చుట్టాలింటికి వెళ్లేముందు మెసేజ్ పెట్టాల్సి రావడం మీద ఇక్కడే వాపోయాను. ఇప్పుడు ఏడవడానికి కూడా స్లాట్ బుక్ చేసుకోవాలా, మనకి పెద్దవాళ్లు లేరా అనుకున్నాను. అనుకోగానే తెనాలి పెద్దమ్మ గుర్తొచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ వెనక వసారాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూచునేది. ఆ వేళకి ఎవరో ఒకరు దొడ్డిదారిన వచ్చేవారు. అత్తగారితో పడని కోడలు, కొడుకు చదువు మానేశాడని కుమిలిపోయే తండ్రి, కట్నం బాకీ దగ్గర మాటలు పడలేక పుట్టింటికొచ్చేసిన పిల్ల. పెద్దమ్మ తలెత్తేది కాదు. ఆ తలెత్తకపోవడమే ఆవిడ విద్య. ముఖంలోకి చూసి చెప్పలేని సంగతులు చేటలోకి చూస్తూ చెప్పేసేవారు. నడుమ నడుమ ఒక "ఊఁ". ఏడుపు ఎక్కువైతే లేచి వెళ్లి మజ్జిగ తెచ్చేది, ఆ కాస్త సేపట్లో వాళ్లు ముఖం తుడుచుకునేవారు. చెప్పిన మాట ఆ వసారా దాటేది కాదు. పిల్లలం మేం చుట్టుపక్కల ఆడుతూ ఉన్నా, "పోయి వీధిలో ఆడుకోండర్రా" అని కసిరేది. అంత గుట్టుగల మనిషి ఆ పేటలో ఇంకొకరు లేరు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు.

ఇలాంటి పెద్దమ్మలు పోయారు గనకే పద్దెనిమిది వందల రసీదులు వచ్చాయని రాయడానికి కూచున్నాను. ఒకటి రెండు వివరాలు సరిచూసుకుందామని అక్కకి, అంటే పెద్దమ్మ కూతురికి, ఫోన్ చేశాను. అక్క అంతా విని, "అమ్మతో చెప్పుకున్నవాళ్లెవరూ తర్వాత అమ్మ మాట దాటలేకపోయారురా" అంది.

దాంతో కాలమ్ తిరగబడింది. అక్క ఒక్కొక్కటీ చెప్తుంటే నాకూ గుర్తొచ్చాయి. కట్నం గొడవతో వచ్చిన ఆ పిల్లని పెద్దమ్మ చీరె పెట్టి, "సర్దుకుపో తల్లీ" అని వెనక్కి పంపింది. పిల్ల వెళ్లింది. వెళ్లకపోతే? "మరి నాతో చెప్పడం దేనికి?" అనేది పెద్దమ్మ. అలా అనిపించుకున్నవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కడానికి జంకేవారు. మా వాళ్లలో ఏ సంబంధం కుదరాలన్నా, ఏ పొలం పంచుకోవాలన్నా చివరి మాట ఆవిడదే. అందరి కడుపులో సంగతులూ ఆవిడ దగ్గరున్నాయి మరి. ఆవిడ ఎవరినీ బెదిరించలేదు, ఆ అవసరమే రాలేదు. ఫీజు తీసుకోలేదని మనం అనుకుంటాం. తీసుకుంది, విధేయత రూపంలో.

బయటి మనిషికి చెప్పుకోవడం మనకి కొత్తేమీ కాదు. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు నడిపిన 'ప్రమదావనం' ఈ చదువరులకి నేను పరిచయం చెయ్యక్కర్లేదు. వంటల దగ్గర్నుంచి కాపురంలో కలతల దాకా అక్కడ ఉత్తరాలుండేవి. పక్కింట్లో పెద్దమ్మలున్న ఆడవాళ్లే మద్రాసులో ఉన్న, ముఖం తెలియని మనిషికి ఎందుకు రాశారు? ఆవిడ రేపు వీళ్ల పెళ్లిపందిట్లో ఎదురుపడదు గనక.

సరే, 1,800 రూపాయలకి ఏం దొరుకుతుందో మేనల్లుణ్ణి, తెలిసిన ఒక క్లినికల్ సైకాలజిస్టుని అడిగాను. మొదటి రోజు ప్రశ్నలే ఎక్కువ. నిద్ర, ఆకలి, తాగుడు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా, ఇదివరకు మందులు వాడారా. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతారు. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందని భయపడక్కర్లేదు. ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. చెప్పింది గోప్యంగా ఉంటుంది, అయితే ప్రాణాపాయం ఉందనిపిస్తేనో, పిల్లల మీద లైంగిక హింస సంగతి బయటపడితేనో చెప్పక తప్పదు అని అందులో ఉంటుంది. ఆ రెండోదానికి 2012 నాటి పోక్సో చట్టమే బాధ్యత పెట్టింది. మిగతా విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతని రోగి హక్కుగా రాసింది. మా బావకి ఎదురైంది పొగరు కాదు, ఆ హక్కు.

సిట్టింగు సుమారు 50 నిమిషాలు. ఆలోచనల తీరుని, ప్రవర్తనని మార్చుకునే సీబీటీ పద్ధతైతే ఇంట్లో చేసుకురావాల్సిన పని ఇస్తారు. సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై సిట్టింగులు. మొదటి వారాల్లో తేలికపడకపోగా మనసు ఇంకా కెలికినట్టుండొచ్చు. విడాకులు తీసుకోనా వద్దా అంటే జవాబు రాదు. బావకి మంటెత్తిన "ఏం చెప్పలేదు" అన్న సంగతి ఇదే. నాకిప్పుడు అదే నచ్చుతోంది. కౌన్సెలర్ మాట దాటేనన్న భయం మేనల్లుడికి ఉండదు, ఎందుకంటే దాటడానికి మాటే లేదు. కుదరకపోతే "నాకిక్కడ నప్పట్లేదండీ" అని లేచి వచ్చెయ్యొచ్చు. ఏ పెళ్లిలోనూ ముఖం చాటెయ్యక్కర్లేదు.

రాకపోయినా ఫీజు కట్టాలన్న నియమం ఒకటుంది. ఒక రోజు ముందు చెప్పకపోతే చాలాచోట్ల వసూలు చేస్తారు. ఇది హైటెక్ సిటీ తెలివి కాదు. వియన్నాలో ఫ్రాయిడ్ 1913లోనే రాశాడు: నా రోజులో ఒక గంట మీకు అద్దెకిచ్చాను, వాడుకున్నా మానినా బాధ్యత మీదే, సంగీతం మాస్టారి దగ్గర ఒప్పుకుంటున్నారుగా అని. అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది. పదేళ్లపాటు రోజుకో గంట, ఒక్కోసారి రెండు గంటలు, డబ్బు తీసుకోకుండా చూశాడట. అనుకున్న మేలు జరగలేదు. ముఖ్యంగా కుర్రవాళ్లకి, కృతజ్ఞత చూపాల్సి రావడమే అడ్డమైందంటాడు. మా తెనాలి వసారా ఆయన చూడలేదు గానీ సంగతి పట్టేశాడు.

డబ్బు తీసుకున్నంత మాత్రాన అందరూ యోగ్యులు కారు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ మీద చదివిన డాక్టరు, మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఆచరణలో ఎవరైనా పెట్టేసుకుంటున్నారు. చదువు ఏమిటి, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, తెలుగులో మాట్లాడతారా అని ముందే అడగండి. మొహమాటపడొద్దు. మూడోది మరీ ముఖ్యం. అమ్మ మీద కోపాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే సగంమందిమి మర్యాదస్తులమైపోతాం. మూడు సిట్టింగుల్లో అంతా నయం చేస్తానన్నవాళ్ల దగ్గర, పూజ కూడా చేయించమన్నవాళ్ల దగ్గర లేచి రండి.

ఇక్కడితో ఆపితే డబ్బున్నవాళ్ల కాలమ్ అవుతుంది. ఫీజు మంచిదే అంటున్నాను, మరి లేనివాళ్లో? 1913లో అంత మాటన్న ఫ్రాయిడే, 1918లో బుడాపెస్ట్ సభలో ఇంకోలా మాట్లాడాడు. ప్రాణం కాపాడే శస్త్రచికిత్స మీద పేదవాడికి ఎంత హక్కుందో మనసుకి సాయం మీద కూడా అంతే హక్కుందని, ఏదో ఒకనాడు ప్రభుత్వాలు ఉచితంగా ఇవ్వక తప్పదని. 1920లో ఆయన అనుచరులు బెర్లిన్‌లో అలాంటి క్లినిక్ తెరిచారు కూడా. మన దగ్గర 2015-16 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బుని బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందట్లేదు. ఇంతమందికి కొండాపూర్ చాలదు. ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు అన్న పేర్లని మనం తిట్లుగా వాడుకున్నాం గానీ, అక్కడి ఓపీలో చూపించుకోవడానికి 1,800 అక్కర్లేదు. ఫోన్‌లోనే సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416, రాత్రైనా పగలైనా, తెలుగులోనే, ఉచితం. ఎవరో తెలియని గొంతు గనక పెద్దమ్మ రుణం కూడా ఉండదు. ఫీజు చేసే పనిలో సగం ఆ అపరిచితత్వమే చేస్తుంది.

ఇన్సూరెన్సు సంగతి ఒక్కటి. శరీరపు జబ్బుకి ఎలాగో మానసిక జబ్బుకీ అలాగే బీమా ఇవ్వాలని 2017 చట్టం 21వ సెక్షను చెప్తోంది. కానీ చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, కౌన్సెలింగ్‌కి ఎవరూ మంచం ఎక్కరు. అందుకే ఖర్చంతా జేబులోంచే పోతోంది. కొన్ని కంపెనీలు ఉద్యోగులకి కొన్ని సిట్టింగులు ఉచితంగా ఇస్తాయి, అడిగేవాళ్లు తక్కువ. మీ పాలసీలో ఓపీడీ అన్నచోట ఏం రాసుందో ఈ వారమే చూడండి. ఏమీ రాసి లేకపోతే, రెన్యూవల్‌కి ఫోన్ చేసినప్పుడు ఎందుకు లేదని అడగండి.